రొట్టెల కెప్టెన్ మానోలిస్

అలెగ్జాండ్రియాలో గ్రీకుల శ్మశానం గేటు పక్కనే నా పూలకొట్టు. లోపల ఖననాల రిజిస్టర్లు చూసేది మదాం ఎవాంథియా. అరవై ఎనిమిదేళ్ల మనిషి. దూరదేశాల నుంచి ఎవరొచ్చి ముత్తాత పేరు, పోయిన ఏడాది చెప్పినా, గంటలో ఆయన సమాధి ముందు నిలబెట్టేది. ఆమె సొంత తాత మాత్రం దొరకలేదు.

ఆ తాత మానోలిస్ ఓడ కెప్టెనని ఇంటిల్లిపాదికీ గొప్ప.

మొన్న చలికాలం వానలకు కప్పు కారి రిజిస్టర్లు తడిశాయి. ఆరబెట్టడానికి నా కొట్టు ముందు బల్ల మీద పరిచాం. 1931 పుస్తకం తిప్పుతూ మదాం ఆగిపోయింది. 'మానోలిస్, సీమీ ద్వీపం. భార్య కల్లియోపి. రొట్టెలు అమ్మేవాడు. కెప్టెన్ అని పిలుస్తారు. తీసుకొచ్చింది బేకరీ హసన్.' కల్లియోపి మదాం నాయనమ్మే. కానీ తాత ఇంటిపేరు రాయలేదు. అందుకే పేర్ల పట్టికలోకి ఎక్కలేదు.

చిన్నాన్న కొడుకు క్లియాంథిస్‌ను పిలిపించింది.

"కళ్లజోడు తుడుచుకో అక్కా!"

"తుడిచాను. నువ్వూ తుడుచుకుని చదువు."

మూడుసార్లు చదివాడు. "రొట్టెలా! కెప్టెన్ మనవణ్నని చెప్పి పిల్లనడిగానే!"

"మీ మామగారు లోపల మూడో వరస సమాధిలోనే ఉన్నాడుగా. వెళ్లి చెప్పిరా."

నాకు నవ్వాగలేదు. అతనికీ ఆగలేదు.

హసన్ బేకరీ ఇప్పటికీ రెండు వీధుల అవతల ఉంది. ముగ్గురం వెళ్లాం. హసన్ మనవడు రిఫాత్, మానోలిస్ పేరు వినగానే పిండి చేతులతోనే బయటికొచ్చాడు.

"కెప్టెన్ మానోలిసా! పొద్దున్నే బండి తోస్తూ 'తప్పుకోండి, ఓడ వస్తోంది!' అని అరిచేవాడట. మాడిన రొట్టె ఒక్కటి కనబడినా మా తాతను తిట్టిపోసేవాడట. ఆయన పోయినరోజు మా తాత పొయ్యి వెలిగించలేదు."

క్లియాంథిస్ వేడి రొట్టె ఒకటి తీసుకుని, మాడిందేమోనని అటూ ఇటూ తిప్పి చూశాడు.

రిజిస్టర్లోని వరస, సమాధి అంకెల ప్రకారం వెతికితే, మదాం రోజూ కూర్చుని టీ తాగే చెట్టు నీడలోనే, రాయి లేని సమాధి. "ముప్పై ఏళ్లుగా పక్కనే కూర్చున్నాను, ఒక్కసారైనా పలకరించకూడదా తాతా!" అని కోప్పడింది. రాయి మీద ఏం రాయించాలా అని అక్కాతమ్ముళ్లిద్దరూ వారం పోట్లాడుకుని, 'రొట్టెలు అమ్మిన కెప్టెన్' అని చెక్కించారు.

ఆ మర్నాటి నుంచి మదాం మొదటి రిజిస్టరు మొదటి పేజీ నుంచి ఇంటిపేరు లేనివాళ్లను ఏరడం మొదలుపెట్టింది. ఈస్టరు నాటికి పదకొండుమందికి వాళ్లవాళ్లు దొరికారు. నా పూలు కూడా బాగానే అమ్ముడవుతున్నాయి.