స్తోత్రం తాత ఆడిన గూఢచారి ఆట

ఆ రోజుల్లో మా నకిరేకల్‌లో కొలువు అంటే సర్కారు కొలువే. కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలు. ఇంటికొకరు గ్రూపుల పుస్తకాలు ముందేసుకుని, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని రోజూ పేపరు తిరగేసేవాళ్ళు. అలాంటి ఊళ్ళో డిగ్రీ చేతికొచ్చిన ఆడపిల్ల వంటింటి గడపలో నిలబడి "అమ్మా, వీడియో గేములు ఆడి చూసే ఉద్యోగం ఒకటి దొరికేటట్టున్నదే" అంటే ఇల్లు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మా అమ్మ ముందు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది (జ్వరం లేదని తేలాక ఇంకా కంగారుపడింది). ఆ తర్వాత "జీతం వాళ్ళిస్తరా, మనమే కట్టాల్నా?" అని అడిగింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ప్రశ్నలో తప్పేమీ కనిపించదు. ఆడుకున్నందుకు ఎవరైనా జీతం ఇస్తారని మా వాడకట్టులో అంతకుముందు ఎవరూ వినలేదు.

సంగతేమిటంటే, హైదరాబాదులో ఫోన్ గేములు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి మనుషుల కోసం వెతుకుతోంది. ఆట విడుదల కాకముందే దాన్ని ఆడి, ఏది బాగుంది, ఏది బాగాలేదు అని చెప్పడమే పని. పరీక్ష కూడా అలాగే పెట్టారు. ఎవరో దూరదేశం వాళ్ళు చేసిన పేరున్న ఆట ఒకటి పంపించి, దాని గుణదోషాలు రాసి సోమవారానికల్లా పంపమన్నారు. నేను మిఠాయి డబ్బా తెరిచినంత సంతోషంగా తెరిచి చూస్తే, అది గూఢచారి ఆట. అందులో మనమే గూఢచారి. సొంత సంస్థే మోసం చేసి వదిలేసిన వాడు. ఊరూరా తిరిగి, ఎవరితో ఎలా మాట్లాడాలో, ఎవరిని నమ్మాలో, ఏ విద్య నేర్చుకోవాలో అన్నీ మనమే తేల్చుకుంటూ అసలు దొంగను పట్టుకోవాలి.

మా నాయిన నిమ్మకాయల మార్కెట్లో కమీషన్ వ్యాపారి, మా చర్చి సంఘంలో పరిచారకుడు. బస్తాలో పైన మంచి కాయ, అడుగున మచ్చకాయ పెట్టడం ఎరగని మనిషి. సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాక నన్ను పిలిచాడు.

"ఏం ఆట బిడ్డా అది?"

"గూఢచారి ఆట, నాయినా."

"గూఢచారి అంటే ఏం చెయ్యాలె?"

"వేరేటోళ్ళ లెక్క పోయి, ఆళ్ళ గుట్టు తెల్సుకోని రావాలె."

"అంటే అబద్ధాలాడాలె."

"ఆడాల్నని లేదు నాయినా, మన ఇష్టం..."

"పెయ్యి మీద వేషం, నోట్ల అబద్ధం. గది నేర్సుకునేటందుకా నిన్ను గింత సదివిపిచ్చింది?" అని, "నేను అవునన, కాదన. సంఘం పెద్దలు చూడాలె. ఆళ్ళు సరే అంటే హైదరాబాద్ పో. వద్దంటే మల్ల గీ ముచ్చట ఇంట్ల తీయొద్దు" అన్నాడు. మా నాయిన గొంతు పెంచడు. అందుకే ఆయన మాటకు అప్పీలు ఉండదు.

సంఘం పెద్దలంటే మాకు స్తోత్రం తాతే. సండే స్కూల్లో నాకు వాక్యం నేర్పింది ఆయనే. బస్సు దొరికినా స్తోత్రం, తప్పిపోయినా స్తోత్రం, కూరలో ఉప్పు ఎక్కువైనా స్తోత్రం. (ఆయన అసలు పేరు ఆధార్ కార్డుకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది.) ఆయనకొక పద్ధతి ఉండేది. కళ్ళారా చూడనిదాని మీద తీర్పు చెప్పడు. యువకులు ఆరాధనలో డ్రమ్ములు పెడతామని అడిగినప్పుడు సంఘమంతా రెండుగా చీలిపోతే, ఆయన ముందు తానే కూర్చుని కాసేపు వాయించి, చెమట తుడుచుకుని, "కానియ్యిండ్రి" అన్నాడు. అటువంటి మనిషి ఆటను చూడకుండా తీర్పు చెప్తాడా? "ఆదివారం ఆరాధన అయినంక వస్త. మొత్తం చూపెట్టాలె. ఏదీ దాసొద్దు" అని కబురు పంపాడు.

ఆదివారం అన్నాలు కాగానే వచ్చారు తాత, ఆయనతోపాటు మా పాస్టరు భార్య పాస్టరమ్మ. తాతకు ఆ మధ్యే కంటి ఆపరేషన్ అయింది. ల్యాప్‌టాప్ చిన్న తెర సరిగ్గా ఆనదని పాస్టరమ్మ మందిరంలో పాటలు వేసే ప్రొజెక్టర్‌ను చంకన పెట్టుకుని వచ్చింది. ముందుగదిలో గోడకు దుప్పటి కట్టాం. పొద్దుటిదాకా కీర్తనలు చూపించిన వెలుగులో నల్ల కోటు వేసుకున్న గూఢచారి ప్రత్యక్షమయ్యాడు. తాత ముందు ప్రార్థన చేశాడు. ప్రార్థనలో ఆ గూఢచారి ప్రయాణ క్షేమం కోసం కూడా ఒక మాట వేడుకున్నాడు. నేను కళ్ళు మూసుకునే నవ్వు ఆపుకున్నాను.

"నువ్వు మీటలు నొక్కు బిడ్డా. ఏం చెయ్యాల్నో నేన్ చెప్త" అన్నాడు. అట్లా మొదలైంది. ఆట ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నేను పక్కనుంచి మన మాటల్లో చెప్తూ పోయాను. మొదట ఒక పెద్ద గోదాము, గేటు దగ్గర కాపలావాడు. "ఎవరు నువ్వు?" అన్నాడు. తెర మీద మూడు జవాబులు వచ్చాయి: బెదిరించడం, అబద్ధం చెప్పడం, ఉన్నమాట అనేయడం.

"ఉన్నమాట చెప్పు" అన్నాడు తాత.

"తాతా, పట్టుకుంటడేమో."

"పట్టుకోని. చెప్పు."

నొక్కాను. మా గూఢచారి "నేను గూఢచారిని, లోపల మీ కాగితాలు చూడాలి" అన్నాడు. కాపలావాడు పొట్ట పట్టుకుని నవ్వి, భలే చమత్కారివంటూ గేటు తీశాడు! మా ఇంట్లో ఆ రోజు లేచిన చప్పట్లు విని పక్కింటివాళ్ళు క్రికెట్ మ్యాచ్ అనుకున్నారు. తాత నాయిన వైపు తిరిగి, "సూశినవా? నిజం చెప్తే తలుపు తెరుసుకున్నది. స్తోత్రం!" అన్నాడు. ఆ ఆటలో నాకు నచ్చింది సరిగ్గా అదే. ఎవరితో ఏ మాట అన్నామో అది గుర్తుపెట్టుకుంటుంది. ఇక్కడ నవ్వించినవాడు మూడు ఊళ్ళ తర్వాత కనబడి మన పక్షాన నిలబడతాడు. చెయ్యి చేసుకోకుండా వదిలేసినవాడు ఆపదలో దారి చూపిస్తాడు. మాటకు అంత విలువ ఇచ్చిన ఆటను నేను అంతకుముందు చూడలేదు. తాత చూస్తుండగా దాన్ని వివరిస్తుంటే, ఆ ఆట చేసింది నేనే అన్నంత గర్వంగా ఉండింది నాకు.

కానీ ఆ మాటలకు ఒక తిరకాసు ఉంది. జవాబు చెప్పడానికి కొద్దిపాటి సమయమే ఇస్తుంది. కింద ఒక గీత కరిగిపోతూ ఉంటుంది. అది పూర్తిగా కరిగేలోపు ఎంచుకోకపోతే ఆటే ఏదో ఒకటి అనేస్తుంది. రెండో ఊళ్ళో ఆయుధాలమ్మే పెద్దమనిషి ఒకడు "నా మీద నీకు నమ్మకముందా?" అని అడిగాడు. తాత "జర ఆగు, ప్రార్థన చేసుకోని చెప్త" అని కళ్ళు మూసుకున్నాడు. గీత కరిగిపోయింది. మా గూఢచారి ఆ పెద్దమనిషి ముఖం మీదే "నీలాంటి పందిని ఎవడు నమ్ముతాడు" అన్నాడు. తాత కళ్ళు తెరిచేసరికి గదిలో తుపాకులు మోగుతున్నాయి.

"ఏమైంది? నేనింకా ఏం అనలే గద!"

"మనం సప్పుడు చెయ్యకుంటె వాడే మాట్లాడ్తడు తాతా."

"నా నోటికెల్లి పంది అనిపిచ్చిండా?" తాతకు నిజంగానే కోపం వచ్చింది. "మనిషి ఊకున్నడంటే ఆలోచన చేస్తున్నడని అర్థం. ఊకున్నోని నోట్ల తిట్టు పెడ్తరా? రాసుకో బిడ్డా, ఇది తప్పు." నేను బుద్ధిగా రాసుకున్నాను.

తప్పులు ఇంకా చాలానే దొరికాయి, ఎవరికి తగ్గట్టు వాళ్ళు వెతికారు. కాపలావాళ్ళు గానుగెద్దుల్లా ఒకే గీత మీద తిరుగుతారు. పక్కనుంచే మా గూఢచారి వంగి నడిచిపోయినా చూడరు. "మన తోట కాడి కుక్క నయం, ఆకు కదిలితె మొరుగుతది" అంది అమ్మ. విద్యలకని ఆట ఇచ్చే మార్కులన్నీ నేను మాట నేర్పుకే పోసి గురి చూడడానికి ఏమీ మిగల్చలేదు కాబట్టి, మావాడు ఎదురుగా ఉన్న బీరువాకు కూడా తూటా తగిలించలేకపోయాడు. "గింత దగ్గర్నుంచి తగల్లేదా? ఈన్ని కొలువుల ఎవరు పెట్టుకున్నరు?" అన్నాడు నాయిన. ఆట మొదలయ్యాక ఆయన నోట అదే మొదటి మాట. పాస్టరమ్మ గోదామునూ తుపాకులనూ పట్టించుకోలేదు. రైల్వే స్టేషనులో సమాచారం ఇచ్చే అమ్మాయి వచ్చినప్పుడు మాత్రం ముందుకు జరిగి, "ఈనికి పెండ్లయిందా? మరి గా పిల్లతోని గంత దగ్గర నిలవడి మాట్లాడుడెందుకు? రెండడుగులు ఎన్కకు జరుపు" అంది. జరిపాను. ఆ అమ్మాయి చెప్పింది దూరం నుంచి సరిగా వినబడలేదు. అదీ రాసుకున్నాను.

అప్పటికి అందరి ముఖాలూ నవ్వుతూ ఉన్నాయి. గట్టెక్కానని మనసులోనే అనుకుంటున్నాను. అంతలో తాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఇగ కడాకరు చూపెట్టు" అన్నాడు.

తప్పించుకోజూశాను. "శానా ఉంటది తాతా, రోజులు పడ్తది."

"నువ్వు అక్కడిదాంక పోయి ఆటను ఆడనే ఆపి దాసిపెట్టుకున్నవు గద? ఇందాక తెరిచేటప్పుడు కనవడ్డది. అది తియ్యి. కడాకరు చూడకుండ తీర్పెట్ల చెప్పాలె?"

తీశాను. చివరి గది. మోసం చేసిన పాత యజమాని ఎదురుగా ఉన్నాడు. మన వెనుక తలుపు మూసుకుపోయింది. వాడు తుపాకీ తీశాడు.

"మాట్లాడు" అన్నాడు తాత.

"ఇక్కడ మాటలు రావు తాతా."

"అయితే తుపాకి కింద పెట్టు."

"దానికి మీట లేదు."

"చెయ్యి తీసెయ్యి. ఏం నొక్కకు." తీసేశాను. మా గూఢచారి నిలబడ్డ చోటే కూలిపోయాడు. "మల్ల" అన్నాడు తాత. మళ్ళీ కూలిపోయాడు. "మల్ల." మూడోసారీ కూలిపోయాడు. అప్పుడు నాయిన నా వైపు చూసి మెల్లగా అడిగాడు: "సంపకుండ బైటికి పోయే తొవ్వ ఇంకోటి ఉన్నదా బిడ్డా?"

"ఉంది, నాకే ఇంకా దొరకలేదు" అంటే సరిపోయేది. అక్కడ దాన్ని తేల్చగలిగేవాళ్ళు ఎవరూ లేరు. హైదరాబాదు బస్సు ఆ ఒక్క మాట దూరంలో ఉంది. కానీ స్తోత్రం తాత ముందు కూర్చుని, ఆయన నేర్పిన వాక్యంతో పెరిగిన నోటితో ఆ మాట అనడం నా వల్ల కాలేదు.

"లేదు నాయినా. నేను అన్ని తీర్ల చూసిన, ఆడినోళ్ళు రాసినవన్ని చదివిన. ఎంత మంచిగ మాట్లాడుకుంట వచ్చినా ఈడ మాత్రం చంపాల్సిందే. అన్నిట్ల పెద్ద తప్పు ఇదే. ఇంతసేపు మాటకు విలువ ఇచ్చి, కడకు మాటను చంపేసిండ్రు" అన్నాను. అనేసి, గ్రూపుల పుస్తకం ఎక్కడ పెట్టానా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

తాత చాలాసేపు మాట్లాడలేదు. (గీత కరిగిపోతుందన్న భయం లేదు కదా.) తర్వాత నాయినతో అన్నాడు: "బైబిల్ల దేవుడు ఇస్తనన్న దేశాన్ని చూసి రమ్మని వేగులోళ్ళను పంపిచ్చిండ్రు, యాదికున్నదా? వేగు పోవుడు తప్పు కాలే. వచ్చినంక చెప్పిన మాటల్నే వచ్చింది తప్పు. శానామంది భయానికి భూమినే చెడ్డగ చెప్పిండ్రు. ఉన్న మంచి, ఉన్న కష్టం చక్కగ చెప్పినోళ్ళు ఇద్దరే. నీ బిడ్డ గిప్పుడు గదే చేసింది. మంచి చూపెట్టింది, చెడ్డ దాసలే. చెప్తె తనకే నష్టమని తెల్సి గూడ చెప్పింది." ఇక నా వైపు తిరిగాడు. "పో బిడ్డా. ఆ కొలువుకు గిసుంటోళ్ళే కావాలె. కాని ఒక్కటి. ఆ ఆట చేసినోళ్ళకు రాయి. గా అర్రకు ఇంకో తలుపు పెట్టుమను."

నాయిన లేచి వెళ్ళి, మార్కెట్‌కు పోయేటప్పుడు తీసుకెళ్ళే మంచి సంచి తెచ్చి నా పక్కన పెట్టాడు. బట్టలు సర్దుకోమని అర్థం.

నా నివేదికను తాత మాటలతో సహా ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. రెండు రోజులకు కంపెనీ ఆయన ఫోన్ చేసి, అన్నీ విడిచిపెట్టి ఒకే ప్రశ్న అడిగాడు: "స్తోత్రం తాత ఎవరండీ?" చెప్పాను. చాలాసేపు నవ్వి, ఎప్పుడు చేరతారు అన్నాడు. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలకు నేను మొదట చెప్పేది, ఆటను ఉన్నమాట అనేసి ఆడి చూడండి, తర్వాత ఏమీ అనకుండా కూర్చుని చూడండి అని. ఇదెక్కడి పద్ధతి మేడమ్ అంటారు. మా సంఘం పద్ధతి అంటాను, తలెత్తుకునే.

ఆ దూరదేశం వాళ్ళకు కూడా రాశాను. నాకొచ్చిన ఇంగ్లీషునంతా కూడగట్టుకుని, ఫలానా గదికి ఒక తలుపు పెట్టండి, మా పెద్దాయన అడుగుతున్నాడు అని. పెడతారనే నమ్మింది అప్పటి నాలోని ఆ పిల్ల. హాస్టల్ గదిలో కూర్చుని, ఆటకు కొత్త మార్పులు వచ్చాయని తెలిసినప్పుడల్లా ముందు ఆ చివరి గది తెరిచి, నాలుగు గోడలూ తడిమి చూసుకునేది. తలుపు మాత్రం రానే లేదు. ఆ పిచ్చి నమ్మకం తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. లెక్కలేనన్ని ఆటలు చివరిదాకా చూడడం వృత్తిగా పెట్టుకున్న నేను, నాకు ఈ బతుకునిచ్చిన ఆ ఒక్క ఆటను మాత్రం ఇప్పటికీ పూర్తి చేయలేదు.