కుడిచేతి అణువు

మా ఊళ్లో చాలామంది నేను దుబాయ్‌లో ఎక్స్‌రేలు తీస్తానని అనుకుంటారు. నేనుండేది ఖతార్. తీసేది ఎముకలకు కాదు, స్ఫటికాలకు. సెలవుకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు మోకాలు పట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంటారు. విప్పి చెప్పే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

దోహాలోని ఒక పరిశోధనశాలలో యంత్రం నాదే. నాదే అంటే, నేను తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. ఊరి బయట నేనుండే ఉమ్ సలాల్ నుంచి పొద్దున్నే వచ్చి, కరక్ చాయ్ తాగి, ఆవగింజలో సగం కూడా ఉండని స్ఫటికాన్ని సూదిమొనకు అంటించి కూర్చుంటాను. దాని మీద కిరణాలు పడితే తెర మీద చుక్కలు వస్తాయి. ప్రతి చుక్కకూ ఎదురుగా ఒక కవల చుక్క. రెండింటి వెలుగులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. కొన్ని అణువులు మన రెండు చేతుల్లా, ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా రెండు రకాలుగా ఉంటాయి. ఆ తేడాను పట్టుకుంటే అణువు కుడిచేతి వాటమో, ఎడమచేతి వాటమో చెప్పేయవచ్చు. మందుల దగ్గర ఇది చిన్న సంగతి కాదు. కుడిచేతిది జబ్బు తగ్గిస్తే ఎడమచేతిది ఎందుకూ పనికిరాకపోవచ్చు.

మా ల్యాబ్‌లో కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. మందులకు పనికొచ్చే అణువులు తయారు చేయడం ఆమె పని. కుడిదానికీ ఎడమదానికీ ముడిసరుకు సీసాలు వేరువేరు. నిరుడు కుడిచేతి అణువు చేశానంటూ తెచ్చింది. నా ఫలితంలో ఎడమది వచ్చింది.

"సీసాలు మార్చినవ్ చెల్లె" అన్నాను, తల కూడా తిప్పకుండా.

"అయ్యుంటుందండీ" అని వెళ్లిపోయింది. నెలల తరబడి చేసినదంతా పారబోసి మళ్లీ మొదలుపెట్టింది.

ఈ ఏడు మళ్లీ అదే జరిగింది. మా ప్రొఫెసర్‌కు విసుగొచ్చి, గురువారంలోగా తేలకపోతే ఈ పని వేరేవాళ్లకు ఇస్తానన్నాడు. ఈసారి ఆమె కదల్లేదు.

"ఆ చుక్కల ఫైలు నాకూ ఇవ్వండన్నయ్యా. నా ల్యాప్‌టాప్‌లో ఈ లెక్కలు కట్టే వేరే ప్యాకేజీ ఉంది, అందులో చూసుకుంటాను."

నవ్వుకుంటూ ఇచ్చాను. సాయంత్రానికి తిరిగొచ్చింది. "నాకు కుడిదే వచ్చిందండీ."

"ప్యాకేజీ మారితే చెయ్యి మారుతదా?"

"మారకూడదు కదండీ. అందుకే అడుగుతున్నాను."

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే తేల్చేద్దామని టీ గదికి వెళ్లి, డబ్బాలోంచి ఒక చక్కెర పలుకు తెచ్చాను. ఏ దేశపు చెరుకుదైనా చక్కెర అణువుకు ఒకటే చేతివాటం. దాన్ని ఎవరూ కాదనలేరు. బ్లేడుతో చిన్న ముక్క కోసి యంత్రానికి ఎక్కించాను. మర్నాడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఫలితం తెరిచాను. ఆమె ప్యాకేజీలో చక్కెర సరిగ్గా వచ్చింది. నా దాంట్లో తిరగబడింది.

ప్యాకేజీల తప్పేం లేదు. యంత్రం కవల చుక్కలను రెండు వరుసల్లో రాస్తుంది. ఆమె ప్యాకేజీ వాటిని అలాగే చదువుకుంటుంది. నా ప్యాకేజీకి వాటి సగటూ, తేడా కావాలి. ఆ మార్పిడికి రెండేళ్ల కిందట నేనే ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాల్సింది పోయి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేశాను. సగటు మారదు. అణువు బొమ్మ ముచ్చటగా వస్తుంది. చెయ్యి ఒక్కటే తిరగబడుతుంది. ఆమెవి తప్ప నా దగ్గరికి వచ్చినవన్నీ చేతివాటంతో పనిలేని అణువులు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"తప్పు నాది చెల్లె" అన్నాను. ప్రొఫెసర్‌కు మెయిల్ ఆమె ముందే రాశాను, ప్రోగ్రాం నాదని మొదటి వాక్యంలోనే. నాకు భయమేం వేయలేదు. పని తెలిసినవాణ్ణి, దిద్దుకోగలను. ఆ మాటే ఆమెతోనూ అన్నాను.

ఆమె బల్ల మీది సీసాను చేతిలోకి తీసుకుంది. మూత మీద, పక్కన, అడుగున, మూడు చోట్లా ఒకే పేరున్న చీటీలు. నిరుటి నుంచి అన్ని సీసాలకూ అలాగే అంటిస్తోంది. చాదస్తమని నేను ఆటపట్టించేవాణ్ణి.

"అయితే నిరుడు కూడా నేను మార్చలేదన్నమాట" అంది.

"మార్చలే."

"ఏడాది నుంచి ఇంట్లో ఉప్పు డబ్బా తీసినా, ఉప్పో కాదో నాలిక మీద వేసుకుని చూసుకుంటున్నానన్నయ్యా. నా చేతుల మీద నాకే నమ్మకం లేక."