వెనక సీటుతో కబుర్లు

గాలి మావయ్యకి ఉన్న వింత అలవాటు ఒక్కటే. ఖాళీ సీటు కనిపిస్తే చాలు, అందులో ఎవరో ఉన్నట్టు కబుర్లు మొదలుపెడతాడు. బస్సెక్కి ఖాళీ సీటును కాస్త కిటికీ వైపు జరగమని అడుగుతాడు. హోటల్లో రెండు కాఫీలు తెప్పించి, రెండోది చల్లారిపోతుంటే "మీకీవేళ తాగబుద్ధి కావట్లేదా?" అని ఎదుటి కుర్చీని పరామర్శించి అదీ తనే తాగేస్తాడు. బార్బరు షాపులో పక్క కుర్చీకేసి చూసి, "ముందు ఆయనది కానివ్వండి, నాకు తొందరేం లేదు" అన్న రోజున బార్బరు మిట్టమధ్యాహ్నమే షట్టరు దించేశాడు.

అలాగని మతి పోయిన మనిషా అంటే కాదు. ఊరి చివర మైదానంలో గ్లైడింగ్ నేర్పిస్తాడు. గ్లైడరంటే ఇంజను లేని విమానం. మైదానం ఆ కొసన ఉన్న వించి అనే యంత్రం, గ్లైడరుకి తగిలించిన తాడును గబగబా చుట్టేస్తుంటే అది గాలిపటంలా లేస్తుంది. తాడు వదిలేశాక ఇక గాలిదే భారం. ముందు సీట్లో నేర్చుకునేవాళ్ళు, వెనక సీట్లో మావయ్య. ఆ పాఠాలు మాత్రం పొల్లు పోకుండా చెబుతాడు.

మేనమామ నడిపే గ్లైడింగ్ క్లబ్బు కాబట్టి దాని కార్యదర్శి పదవి మేనకోడలి నెత్తిన పడింది. ఆమె పగలంతా కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అమర్చి, సెలవు దొరికితే మైదానానికి పరుగెత్తేది. పాత సభ్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఈ సీజను ముగిసేలోగా కొత్తవాళ్ళు చేరకపోతే స్థలం గోదాములకి ఇచ్చేస్తామని మైదానం యజమాని తరఫు మేనేజరు వచ్చి చల్లగా చెప్పి వెళ్ళాడు. ఎలాగైనా జనాన్ని రప్పించాలని ఆమె నడుం కట్టింది.

మొదట పోస్టరు వేయించింది. గ్లైడరు ముందు సీట్లో మావయ్య నవ్వుతున్న ఫోటో, కింద 'మీరూ ఎగరొచ్చు' అన్న మాట. ఫోటో తీసినప్పుడు వెనక సీటు ఖాళీ. అచ్చయి వచ్చాక చూస్తే అందులో బూడిదరంగులో భుజాల దాకా ఎవరో కూర్చున్నారు. గాజు మూత మీద మబ్బు నీడ పడిందని ఆమె తనకి తను గట్టిగా చెప్పుకుంది. మావయ్య మాత్రం పోస్టరు చేతికి తీసుకుని తృప్తిగా చూశాడు.

"ఆయన బాగా పడ్డాడు తల్లీ. నేనే కళ్ళు మూశాను."

పోస్టరు చూసి మైదానానికి జనం రాకపోలేదు. ఎగరడానికి కాదు, దెయ్యాన్ని చూడడానికి.

తర్వాత మాల్‌లో స్టాలు పెట్టింది. బల్ల, కరపత్రాలు, రెండు పేము కుర్చీలు. మంచి బేరం అన్నట్టు ఓ పెద్దమనిషి ఆసక్తిగా దగ్గరికొచ్చి కూర్చోబోయాడు. మావయ్య చప్పున చెయ్యి అడ్డుపెట్టి, "ఒక్క క్షణం, ఆయన లేస్తారు" అన్నాడు. అందరూ ఖాళీ కుర్చీకేసి చూశారు. కుర్చీ కిర్రుమంది. బరువు దిగిన పేము ఎలా నిట్టూరుస్తుందో అలా. "ఇక కూర్చోండి" అన్నాడు మావయ్య. కూర్చోవడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. పక్క స్టాల్లో చెప్పులమ్మేవాడు కూడా బల్లని అవతలి మూలకి లాక్కుపోయాడు.

వీటన్నిటికంటే ఆమెని కలవరపెట్టింది షెడ్డులో విన్న మాటలు. గ్లైడర్లు కప్పి ఉంచిన తెల్ల గుడ్డలు లోపలికొచ్చే గాలికి ఊపిరి తీసుకుంటున్నట్టు లేచి పడుతున్నాయి. వాటి వెనక మావయ్య ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మాట్లాడడం కాదు ఆమెకి భయం, మధ్యలో ఆగడం. అవతలి మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపే ఆగేవాడు. ఆ తర్వాత "అవునవును, అదీ నిజమే" అనేవాడు. ఆమె చీపురు అక్కడే పడేసి బయటికొచ్చింది.

ఇలా లాభం లేదని ఆఖరి ప్రయత్నంగా ఊరందరినీ పిలిచి ఒక ప్రదర్శన పెట్టింది. ముందురోజు మావయ్యని కూర్చోబెట్టి చేతులు పట్టుకుంది. రేపొక్క రోజు కుర్చీలతో మాట్లాడొద్దని, క్లబ్బు బతకాలంటే ఇదొక్కటే దారని బతిమాలింది. ఆయన బుద్ధిగా తలూపాడు. మర్నాడు పొద్దుటినుంచీ ఆయన పెదాలు మాటలు మింగుతున్నట్టు కదులుతూనే ఉన్నాయిగానీ చప్పుడు మాత్రం బయటికి రాలేదు.

జనం బాగానే వచ్చారు. మేనేజరూ వచ్చాడు. పైలట్ల మాటలు అందరికీ వినపడాలని ఆమె రేడియోని మైకు సెట్టుకి కలిపించింది. గ్లైడింగ్ ఎంత తేలికో, ఎంత క్షేమమో గడగడా చెబుతుంటే గుంపులోంచి ఒక టైలరు నెమ్మదిగా అడిగాడు.

"మరి మీరెప్పుడైనా ఒక్కరే ఎగిరారా అమ్మా?"

ఎగరలేదు. సోలోకి సిద్ధంగా ఉన్నావని మావయ్య ఎప్పటినుంచో అంటూనే ఉన్నాడు. ఆమె ఒకసారి జలుబని, ఒకసారి దుకాణంలో పనని తప్పించుకుంటూ వస్తోంది. అసలు భయం ఆ వెనక సీటంటే. ఇప్పుడు మేనేజరు నవ్వు దాచుకోవడం చూసి రోషం పొడుచుకొచ్చింది. "ఇవాళే ఎగురుతున్నాను" అనేసింది.

మావయ్య వెనక సీటు బెల్టులు బిగించి కట్టాడు. మనిషికి కట్టినట్టే, భుజాల దగ్గర సరిచేసి మరీ. మాటిచ్చాడు కాబట్టి ఏమీ అనలేదు. సీటును మాత్రం మెల్లిగా తట్టాడు.

వించి లాగింది. నేల జారిపోయింది. తాడు వదలగానే చప్పుళ్ళన్నీ ఆగిపోయి, రెక్కల మీద గాలి ఈల ఒక్కటే మిగిలింది. ఓ చుట్టు తిరిగేసరికి ఎక్కణ్ణుంచో మంచులాంటి తెర వచ్చి కమ్మేసింది. మైదానం లేదు, ఊరు లేదు. పైనా కిందా ఒకే తెలుపు. అప్పుడు వెనక సీటు కిర్రుమంది.

ఆమె తల తిప్పలేదు. వెనక ఎవరో ఉన్నారు. గాలి ఈల కాసేపు ఆగింది, ఎవరో వినడానికి ఆగినట్టు.

"మావయ్యా," అంది ఆమె. "నాకేమీ కనిపించడం లేదు."

"కనిపించకపోతే ఏం తల్లీ. ముక్కు కొంచెం దించు. రెక్కలు సమంగా ఉన్నాయో లేదో ముందు చూసుకో. తొందరేం లేదు."

ఆ మాటలు తన నోటినుంచే వచ్చాయో, వెనకనుంచి వచ్చాయో ఆమెకి తెలియలేదు. ముక్కు దించింది. రెక్కలు సరిచేసింది. ఆ తర్వాత భయం పోవడానికి నోటికొచ్చిందల్లా మాట్లాడింది. ఎడమకి తిరగనా అని అడిగింది. దుకాణంలో విరిగిన అద్దం సంగతి చెప్పింది. మీరెవరైనా సరే దిగేదాకా వెళ్ళిపోవద్దని బతిమాలింది. తెర విడిపోయి, కింద ఆకుపచ్చగా మైదానం కనిపించింది. ఒక్క కుదుపుతో చక్రం నేలని తాకింది.

మూత తెరిచేసరికి జనమంతా ఆమెకేసే చూస్తూ నిలబడి ఉన్నారు. రేడియోలో మాట్లాడే బటను నొక్కుకుపోయి ఉంది. ఆమె అన్న ప్రతి మాటా మైకులో ఊరందరికీ వినపడింది. ఆమెకి గ్లైడరు కిందికి దూరిపోవాలనిపించింది. మేనేజరు పక్కవాడితో ఏదో అని నవ్వబోయాడు.

వించి తిప్పే మెకానిక్ అడ్డొచ్చాడు. ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడని భారీ మనిషి. తన మొదటి సోలోలో కూడా ఇలాగే జరిగిందని అందరూ వినేలా చెప్పాడు. భయమేసి వెనక సీటును 'అన్నయ్యా' అని పిలిచాడట. అది రేడియోలో కింద అందరూ విన్నారు. 'అన్నయ్య బాగున్నాడా' అని క్లబ్బంతా ఏడిపించింది. ఇక ఈ గేటు తొక్కకూడదని సామాను సర్దుకున్నాడు.

"అప్పుడు క్యాంటీన్లో ఈయన ఖాళీ కుర్చీతో మాట్లాడ్డం మొదలెట్టాడండి," అన్నాడు మెకానిక్, మావయ్యని చూపిస్తూ. "అంతదాకా ఈయనకి ఆ అలవాటే లేదు. నవ్వేవాళ్ళంతా ఈయన్ని చూసి నవ్వడం మొదలెట్టారు. నా సంగతి మర్చిపోయారు. నేను ఉండిపోయాను. తర్వాత ఒంటరిగా ఎగిరిన ప్రతివాడూ పైన ఆ సీటుతో మాట్లాడినవాడే. కిందికొచ్చి సిగ్గుపడినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మావయ్యకన్నా పిచ్చోళ్ళం కాదులే అని ధైర్యం."

మావయ్య దొరికిపోయిన దొంగలా షూ లేసులు కట్టుకుంటూ కూర్చున్నాడు.

టైలరు గుంపులోంచి ముందుకొచ్చి, భయపడేవాళ్ళని కూడా చేర్చుకుంటారా అని అడిగాడు. వాళ్ళే కావాలంది ఆమె. అతని వెనక ఒక నర్సు, ఆమె వెనక ఒక లెక్కల టీచరు, ఇలా వరస కట్టారు. ఎగరడం ఎంత క్షేమమో చెప్పినప్పుడు కదలని జనం, భయపడొచ్చని తెలిశాక కదిలారు. మేనేజరు ఆ వరసని కాసేపు చూసి, గోదాముల మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

జనం పలచబడ్డాక మేనకోడలు క్యాంటీన్లో మావయ్య ఎదుట కూర్చుంది. అందరికీ తెలిసిపోయింది, ఇక ఈ నాటకం ఆపేయొచ్చుగా అంది. పైన వినిపించిన మాటల సంగతి కూడా అడిగింది. రేడియోలో నువ్వే అన్నావా అని.

"బటను నొక్కుకుపోతే కిందినుంచి మాట పైకి రాదు తల్లీ. అయినా నేను మాటిచ్చానుగా, పొద్దుటినుంచీ నోరు విప్పలేదు." ఆయన పక్కనున్న ఖాళీ కుర్చీకేసి చూసి గొంతు తగ్గించాడు. "మొదట్లో నాటకమే. కానీ ఇన్నేళ్ళయ్యాక ఉన్నట్టుండి మానేస్తే, పాపం ఆయన ఏమనుకుంటాడు?"

మేనకోడలు ఆ కుర్చీని కాసేపు చూసింది. తర్వాత క్యాంటీనువాణ్ణి పిలిచి, మూడు కాఫీలు చెప్పింది.