మూడో అంతస్తుకి ఎక్కిన రౌటర్

మా నాన్న ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికని గుడివాడ వైపు నుంచి విశాఖపట్నం వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. చదువు ఇక్కడే పూర్తిచేసి, తొంభైల చివర్లో ఒక ఇంటర్నెట్ సంస్థలో ఇంజనీరుగా చేరాను. అప్పటి మా రౌటర్ వీసీఆర్ అంత పెట్టె. సాయంత్రం ఆరు దాటి జనం ఇళ్లకు చేరి మోడెమ్‌లు పెట్టగానే అది ఊపిరాడక ఆగిపోయేది. నేను వెళ్లి స్విచ్చి తీసి మళ్లీ వేసేదాన్ని. రోజూ అదే పని. దాంతో రౌటర్ అంటే మొరాయించే పాత స్కూటర్ లాంటి వస్తువని నాకు గట్టి అభిప్రాయం పడిపోయింది.

రెండువేల సంవత్సరం దాటాక పోర్టు చుట్టూ ఉన్న కంపెనీలు, ఆస్పత్రులు, కాలేజీలు అన్నీ లైన్లు అడగడం మొదలుపెట్టాయి. హైదరాబాదులోని మా పెద్దాఫీసు వాళ్లు కొత్త రౌటర్ పంపుతున్నామన్నారు. లారీలోంచి చెక్కపెట్టె దింపిన రోజున మేమంతా దాని చుట్టూ తిరిగి చూశాం. బీరువాకన్నా ఎత్తు. మా పరికరాల గదేమో మూడో అంతస్తులో. లిఫ్టులో పట్టదు. మెట్లమీదుగా మోయిద్దామంటే పెట్టె పక్కన చిన్న తెల్ల బిళ్ల అతికించి ఉంది. పెట్టె ఏమాత్రం ఒరిగినా అది ఎర్రబడుతుంది. ఎర్రబడితే లోపల ఏం పాడైనా తమకు సంబంధం లేదని తయారుచేసినవాళ్లు కాగితం మీద రాసి మరీ పంపారు.

మా మేనేజరు పోర్టులో తెలిసినవాళ్లని అడిగి కళాసీల మేస్త్రీని పిలిపించారు. ఓడల్లోంచి బరువైన యంత్రాలు దించేవాళ్లని ఇక్కడ కళాసీలంటారు. మేస్త్రీకి అరవై దగ్గర పడుతున్నాయి. జాలరిపేట మనిషి. కుర్రతనంలో తండ్రితో చేపల వేటకి వెళ్లేవాడట. తర్వాత పోర్టు పనిలో కుదురుకున్నాడు. సన్నగా, నల్లగా, తాడు పేనినట్టు ఉండేవాడు.

"ఏటమ్మా ఇది? బీరువాయేటి?" అన్నాడు.

"కంప్యూటర్లకి దారి చూపించే యంత్రం. ఒరగకూడదు మేస్త్రీగారూ. ఈ బిళ్ల ఎర్రబడిందంటే మా పని అయిపోయినట్టే."

ఆయన వంగి ఆ బిళ్లని చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి మూడో అంతస్తు వైపు చూశాడు.

"మెట్లమీద ఒద్దమ్మా. బయటినించి నిలువుగా ఎక్కించీగలం. ఆ నిలువెత్తు కిటికీ ఊడబీకించీండి, సాలు."

"అయితే ఇప్పుడే మొదలుపెట్టండి" అన్నారు మేనేజరు.

"ఇప్పుడు కాదు బాబూ. సముద్రం మీంచి గాలొచ్చే ఏళ. పెట్టి ఊగిపోతాది. రేపు పొద్దున్నే, నేలగాలి ఉన్నప్పుడే సేసీయాల."

అన్నట్టే మర్నాడు ఆరున్నరకల్లా ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. డాబా మీద దూలానికి చైన్ పుల్లీ కట్టారు. పెట్టెకి నాలుగువైపులా తాళ్లు తగిలించి నలుగురు కింద పట్టుకున్నారు. మేస్త్రీ రోడ్డు మీద నిలబడి రెండు వేళ్లతోనే పైవాళ్లకి సైగలు చేశాడు. పెట్టె నేల వదిలింది. జానెడు జానెడుగా లేస్తోంది. రెండో అంతస్తు దాటుతుండగా ఎక్కణ్నుంచో ఒక్క గాలి విసురు వచ్చింది. పెట్టె మెల్లగా తిరగబోయింది.

"ఆగండి!" అని ఒక్క కేక వేశాడు మేస్త్రీ.

అందరూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. అంత బరువూ గాలిలో వేలాడుతోంది. ఆయన మాత్రం పెట్టెని చూడడం లేదు. పక్కింటి కొబ్బరాకుల్ని చూస్తున్నాడు. ఆకుల కదలిక ఆగాక, తాడు సడలించమని ఎడమవైపువాడికి సైగ చేస్తూ నెమ్మదిగా, "బావా, కొంచెం వొగ్గీ... సాలు సాలు. ఇప్పుడు లాగండి" అన్నాడు.

పెట్టె కిటికీలోంచి లోపలికి వెళ్లింది. నేను మూడంతస్తులూ పరుగెత్తుకెళ్లి చూశాను. బిళ్ల తెల్లగానే ఉంది.

చేతులు కడుక్కుంటూ మేస్త్రీ అడిగాడు. "ఇంత భయపడి ఎక్కించినాం కదా. ఇది ఏటి సేత్తాదో నాకూ ఓపాలి సూపించమ్మా."

"పది రోజులాగి రండి" అన్నాను. నిజానికి అది ఏం చేస్తుందో నాకూ సరిగ్గా తెలియదు.

బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు, నేను కలిసి దాన్ని బిగించాం. కరెంటు ఇచ్చిన క్షణం ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. ఒకరి మాట ఒకరికి వినపడలేదు. కాసేపటికి తెర మీద దారుల జాబితా నిండడం మొదలైంది. భూమ్మీద ఏ నెట్‌వర్క్‌కి ఏ దిక్కుగా వెళ్లాలో పొరుగు రౌటర్లు దీనికి చెబుతున్నాయి. వేలు దాటాయి, పదివేలు దాటాయి, చూస్తుండగానే లక్ష దాటిపోయాయి. జపాను దారి, బ్రెజిల్ దారి, నేను పేరు కూడా వినని దీవుల దారి, అన్నీ ఈ గదిలోకి వచ్చి కుదురుకున్నాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. పెద్దవాళ్లు గదిలోకి వస్తే లేస్తాం చూడండి, అలా.

పదో రోజున మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. తెర మీద ఒక్కొక్క వరుసా కిందికి దిగుతుంటే చూపించి చెప్పాను. "ఇక్కణ్నుంచి మద్రాసుకి మాట పంపుతున్నాం. 'అందింది' అని జవాబు వచ్చినప్పుడల్లా ఒక వరుస పడుతుంది."

"మరి దారి తెగిపోతే?"

ఆ రోజు మేం చేయాల్సిన పరీక్షే అది. బెంగళూరు ఇంజనీరు నవ్వి, మద్రాసు వైపు వెళ్లే పసుపు ఫైబర్ తీగని చూపించి, "మీరే పీకండి" అన్నాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను తలూపాను. రెండు వేళ్లతో క్లిప్పు నొక్కి, ముల్లు తీసినంత జాగ్రత్తగా లాగాడు.

వరుసలు ఆగాయి. ఒకటి రాలేదు. రెండోదీ రాలేదు. మూడోది పడింది. ఆ తర్వాత మళ్లీ ఎప్పటిలాగే దిగసాగాయి. మాటలిప్పుడు హైదరాబాదు మీదుగా చుట్టు తిరిగి మద్రాసు చేరుతున్నాయి.

మేస్త్రీ ఊడిన తీగని చేతిలో తిప్పి చూసుకున్నాడు. "మనిసైతే ముందు గోల సేత్తాడమ్మా. ఇదేటి, ఎవులికీ సెప్పకుండానే దారి మార్సీసింది" అన్నాడు.

దాని గురించి అంతకన్నా బాగా ఇంతవరకూ ఎవరూ చెప్పగా నేను వినలేదు.

తర్వాతి వేసవిలో ఒక మధ్యాహ్నం తెర మీద ఎర్రగీత వచ్చింది. తగరపువలస దగ్గర హైవే వెడల్పు చేస్తూ ఎవరిదో తవ్వే యంత్రం మా కేబుల్ తెంపేసింది. భువనేశ్వర్ వైపు లైన్ మొత్తం పోయింది. అంతకుముందైతే కస్టమర్లు అరగంటపాటు ఫోన్ కింద పెట్టనిచ్చేవారు కాదు. రౌటర్ అప్పటికే దారి మార్చేసింది, ఆ రోజు ఒక్క ఫోనూ రాలేదు. తీగలు అతికేవాళ్లతో కలిసి జీపులో బయల్దేరాను.

గోతిలో తెగిన కేబుల్ చివర్లు బయటికి కనిపిస్తున్నాయి. రోడ్డుకి అవతల, ఫోన్ లైను మీద మా కనెక్షనే వాడే ఒక ఇంటర్నెట్ సెంటరు ముందు జనం. ఆ రోజే ఇంటర్ ఫలితాలు. మంచినీళ్ల కోసం వెళ్తే లోపల ఒక అమ్మాయి హాల్ టికెట్ చూసుకుంటూ నంబరు కొడుతోంది. పక్కన చేపల గంప దించుకుని ఆమె తల్లి నిలబడి ఉంది. పేజీ తెరుచుకుంది. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏటయిందే? సెప్పవే!" అంది తల్లి.

"పస్టు కలాసమ్మా!"

ఆ తల్లి కూతురి తల నిమురుతూ, ఎవరికి చెప్పాలో తెలియక నాకు చెప్పింది. "పస్టు కలాసటమ్మా!"

"చాలా సంతోషమమ్మా" అన్నాను. నీళ్లసీసా తీసుకుని రోడ్డు దాటి గోతి దగ్గరికి వచ్చాను. సాయంత్రం నాలుగింటికి అతుకు పూర్తయింది.