విప్పిన మూట

మహబూబాబాద్ స్టేషన్ వెనక ఉండే ఉప్పలమ్మ పద్దెనిమిదేళ్లు దవాఖాన దుప్పట్లు ఉతికింది. బట్టల సోడాకు ఆమె వేళ్ల కొసలు పాలిపోయాయి. డాక్టర్లు ఆశ వదిలేసిన మనిషిని చివరి రోజులకు ఎక్కడ చేర్చాలన్నా, తెలిసినవాళ్లు ముందు ఆమెకు ఆ చోటు చూపిస్తారు. మంచాలు, ఫ్యాన్లు ఆమె చూడదు. నేరుగా పెరట్లోకి నడిచి, విడిచిన దుప్పట్ల మూట అడుగుతుంది.

1981 ఎండాకాలంలో దంతాలపల్లి కరుణాకర్, క్యాన్సర్ ముదిరిన తల్లిని చేర్చే ముందు, ఉప్పలమ్మను ఊరిబయట మిషన్ ఆశ్రమానికి తీసుకొచ్చాడు. ఆమె మూట అడగగానే, "ఉతికినవి చూడకూడదా?" అంది అక్కడి రోగులను చూసుకునే సిస్టర్. "ఉతికినయి నాకు ఎరుకే సిస్టరమ్మా." సిస్టర్ మూట విప్పింది. ఒక దుప్పటి మీద ఎండిన మరక, దాని చుట్టూ ఇంకోటి, ఆపైన మరోటి. "గీ మనిషి మూడుసార్లు తడిసినా మార్చలే," అంది ఉప్పలమ్మ. కరుణాకర్ ముఖం నల్లబడింది. "నిన్న ఆయా రాలేదు. పదిహేనుమందికి నేనొక్కదాన్నే. తప్పు నాదే," అని సిస్టర్ వాళ్లను ఆ దుప్పటి వాడిన ముసలాయన మంచం దగ్గరకు తీసుకెళ్లింది. ఉప్పలమ్మ ముసలాయన వీపు కింద చెయ్యి పెట్టింది. పొడిగా ఉంది, పుండు లేదు.

బయటికొచ్చాక కరుణాకర్, "ఇంకో తాన చూద్దామా?" అన్నాడు.

"మొన్న చూసిన తాన మూట అడిగితే ఆ గదికి తాళమేసిన్రు పటేలా. ఈడ విప్పి సూపెట్టిన్రు. అమ్మను తోలుకరా. నేను మల్ల వస్త, ఎప్పుడొస్తనో ఈళ్లకు చెప్పకు."