ఆకురాయి తిన్న బొటనవేలు

అబ్దుల్ వహాబ్ చేతికి లొంగని తాళం లేదు. ఆయన పగలగొట్టిన తాళమూ లేదు. వాయల్పాడు పక్క పల్లెబడిలో చదివింది ఐదో తరగతి. పన్నెండో ఏట మదనపల్లెకు వచ్చి ఆకురాయి పట్టాడు. పుంగనూరులో ఒక పాత బంగళా ఇనప్పెట్టె ముందు మద్రాసు మిస్త్రీలు రెండు రోజులు కూర్చుని లేచిపోతే, ఈయన చెవి ఆనించి విని, భోజనాల వేళకు తెరిచి పెట్టాడు. కుప్పంలో రాళ్ళ వ్యాపారి బీరువా తెరిచినందుకు సభ పెట్టి శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ మడత నలగలేదు.

ఇవన్నీ ఆయన సుష్మకు పూసగుచ్చినట్టు చెప్పాడు. సుష్మది శాంతిపురం. తండ్రి పాపన్న గ్రానైటు పలకలకు పాలిష్ పడతాడు. ఆమెకు బెంగళూరు కంపెనీలో ఉద్యోగం. వేలు పెడితే తెరుచుకునే కొత్త తాళాన్ని అమ్మకానికి పెట్టేముందు ఇరవై ఇండ్లలో బిగించి, పది రోజులు జనం దాన్ని ఎట్లా వాడుతున్నారో చూసి రాసుకోవడం ఆమె పని. ఆ ఇరవైలో వహాబ్ ఇల్లొకటి. తలుపు మూస్తే చాలు, ఆ తాళం దానంతటదే పడిపోతుంది.

"తాతా, నీ బొటనేలు దీనిమింద పెట్టు."

పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే.

"సెయ్యి తుడుసుకో తాతా. ఆలోగా వంటిల్లు ఫోటో తీసుకుంటా."

ఆమె లోపలికి పోయాక వహాబ్ తన వేలు చూసుకున్నాడు. యాభై ఐదేండ్ల ఆకురాయి రాపిడికి గీతలన్నీ అరిగి, వేలికొన గాజుపెంకులా నున్నబడింది. తాళాల మిస్త్రీని తాళం గుర్తుపట్టలేదంటే ఊరు నవ్వదూ? భార్య దిల్షాద్‌ను సైగ చేసి పిలిచి ఆమె వేలు పెట్టించాడు. పచ్చదీపం.

"అజీ, ఆ పాపకు నిజం చెప్తే నీ గడ్డం రాలిపోతాదా?"

"ఊరుకోవే. కుప్పంలో శాలువా కప్పించుకున్నోణ్ణి."

తిరిగొచ్చిన సుష్మ ఆ పచ్చదీపం ఆయన వేలిదే అనుకుంది. ఆపదకు ఉంటుంది, బయట ఎక్కడైనా దాచుకోమని సుష్మ ఒక తాళంచెవి కూడా ఇచ్చింది. "మూడూర్లకు బీగాలు చేసిచ్చినోడికి ఇంకోడు చేసిన చెవి యాల తల్లీ!" అని నవ్వి, దాన్ని ఇంట్లోని పనిముట్ల పెట్టెలో పడేశాడు.

ఆ తర్వాత బయటికి పోయి వచ్చినప్పుడల్లా తలుపు తట్టేవాడు. దిల్షాద్ మంచం మీద నుంచి లేచి వచ్చి లోపలి పిడి తిప్పేది. ఆమెకు ఉబ్బసం. మొదట్లో ఒక తట్టుకే తలుపు తీసేది. వారం తిరిగేసరికి మూడు తట్లు, నాలుగు తట్లు. అడుగుల కన్నా ముందు ఆమె రొమ్ములోని పిల్లికూతలు వినపడేవి.

సాయంత్రం సుష్మ ఫోన్ చేసేది. "ఏమన్నా ఇబ్బంది ఉండాదా తాతా?"

"ఏం లేదమ్మా. నా వేలు తగిలితే సాలు, గొర్రెపిల్ల మాదిరి తెరుసుకుంటాది."

తొమ్మిదో రోజు శుక్రవారం. నమాజు చేసి వచ్చి తలుపు తట్టాడు. పిల్లికూతలు వినపడ్డాయి. అడుగులు వినపడలేదు.

"దిల్షాద్!"

బొటనవేలు పెట్టాడు. ఎరుపు. పది వేళ్ళూ పెట్టాడు. పది ఎరుపులు. పనిముట్లూ, ఆపదకని ఇచ్చిన తాళంచెవీ లోపలి పెట్టెలోనే ఉండిపోయాయి. సుష్మకు ఫోన్ చేస్తే ఆమె గుడుపల్లె దారిలో ఉంది, సిగ్నల్ అందలేదు. పుంగనూరు ఇనప్పెట్టెకు ఆనించినట్టే తలుపుకు చెవి ఆనించాడు. ఆనాడు లోపల గోరంత మీట కదిలినా వినపడింది. ఇక్కడ ఏమీ కదలడం లేదు. కాసేపటికి పిల్లికూతలూ ఆగిపోయాయి.

పక్కింటి మల్లప్ప అరుగు మీద నుంచి నవ్వాడు. "యేమప్పా, సొంత ఇంటి బీగం కాడనే ఓడిపోయినావా?" వహాబ్ తిరిగి చూశాడు. మల్లప్ప నవ్వు ఆగిపోయింది.

"గడ్డపార తేప్పా" అన్నాడు వహాబ్.

యాభై ఐదేండ్లలో ఆయన తాళం పగలగొట్టబూనడం అదే మొదలు. తాళం పగల్లేదు. ద్వారబంధమే నిలువునా చీలింది.

దిల్షాద్ నేలమీద పడి ఉంది. పెదవులు నీలం. గూట్లోని పీల్చే మందుకు చాచిన చేయి జానెడు దూరంలో ఆగిపోయింది.

మర్నాడు సుష్మ వచ్చేసరికి వహాబ్ ఆసుపత్రి నుంచి దుప్పటి కోసం వచ్చి ఉన్నాడు. దిల్షాద్ ఆక్సిజన్ మీద ఉంది. డాక్టరు ఇంకా ఏ మాటా ఇవ్వలేదు. వహాబ్ తలుపు దగ్గరికి పోయి, సుష్మ చూస్తుండగా తాళం మీద బొటనవేలు పెట్టాడు. ఎర్రగా వెలిగింది.

"రాసుకోమ్మా. ఈ యేలు మొదటి దినం నుంచీ పనికిరాలేదు. నేను అబద్ధం చెప్పినా."

సుష్మ రాయలేదు. నోటుపుస్తకం వెనక్కి తిప్పింది. గుడుపల్లె, కుప్పం, శాంతిపురం. రాళ్ళు కొట్టేవాళ్ళు, పాలిష్ పట్టేవాళ్ళు. ప్రతి పేజీలోనూ ఒకే మాట: ఇబ్బంది ఏమీ లేదు. ఒక పేజీ దగ్గర ఆమె చేయి ఆగింది.

"మా నాయన గూడా ఇదే చెప్పినాడు తాతా."

"మాటలు ఇనొద్దమ్మా. పోయి వాళ్ళ యేళ్ళు సూడు."

దుప్పటి చంకన పెట్టుకుని ఆయన బయటికి నడిచాడు. పోతూ పోతూ వంగి ఒక రాయి తీసి, చీలిన ద్వారబంధంలో తలుపు మూతపడకుండా అడ్డం పెట్టాడు.