కెప్టెన్‌ని క్షమించని మా అత్త

పోయిన నెల ఒక మధ్యాహ్నం మావయ్య ఫోన్ చేశాడు. "అమ్మాయ్, మీ అత్త ఇంక లేదు. మీ నాన్నకి నువ్వే చెప్పు," అన్నాడు. పొద్దున ఛాతీలో నొప్పి అన్నదట. మాచర్ల ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. సంగతి చెబితే నాన్న, "ఆదివారం ఫోన్ చేస్తానందే," అన్నాడు. ఆ ఫోన్ దేనికో తెలియాలంటే మా అత్త ఎలాంటి మనిషో చెప్పాలి.

అత్త నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. దుర్గి దగ్గర పల్లెలో, మిరప చేలున్న ఇంటికి కోడలిగా వెళ్లింది. మావయ్య సర్పంచి ఎన్నికల్లో నిలబడ్డ ఏడు, పార్టీవాళ్ల మాట కాదనలేక నాన్న అవతలి మనిషికి ప్రచారం చేశాడు. మావయ్య ఓడిపోయాడు. అప్పట్నుంచి రెండిళ్లకీ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురుపడినా అన్నాచెల్లెళ్లు చెరో పక్కకి తిరిగేవాళ్లు. నేను మాత్రం వెళుతూ వస్తూ ఉండేదాన్ని. అత్త నన్నెప్పుడూ వద్దనలేదు.

అత్త మోకాలి ఆపరేషనై మంచం మీదున్నప్పుడు, కాలక్షేపానికి నేనే ఆమెకి టీవీలో ఒక అంతరిక్ష సీరియల్ పెట్టాను. ఇంగ్లీషుది, తెలుగులో డబ్బింగ్ చేశారు. ఒక నౌక, దాన్ని నడిపే కెప్టెన్, మాట్లాడే మరమనిషి, ఉండటానికి చోటు వెతుక్కుంటూ గ్రహాలన్నీ తిరిగే జనం. "ఇదేందే, తలకి ఆ గాజు బుడ్లు తగిలించుకుని?" అని మొదలుపెట్టిన మనిషి, వారం తిరిగేసరికి నాకే కథ చెప్పసాగింది.

మరమనిషి అంటే అత్తకి ప్రాణం. "అడిగినదానికి సమాధానం చెబుద్ది. చాడీలు చెప్పదు," అనేది. నౌకలో మొక్కలు పెంచే ముసలామె తెర మీదికొస్తే చేతిలో పని ఆపేసేది. ఆ పాత్రని అభిమానులెవరూ పట్టించుకోరని నేనంటే, కళ్లు పెద్దవి చేసి, "నారు మీద చెయ్యి ఎట్టా పెడతందో చూడు. ఆమె లేకపోతే మీ కెప్టెన్ తినేది దుమ్మే," అంది. ఆ కెప్టెన్ అంటే అసలు గిట్టదు. "మా దుర్గి శిల్పులు సగం చెక్కి వదిలేసిన రాయిలా ఉంటాడు. మొహంలో ఒక్క నరం కదలదు."

గిట్టకపోవడానికి కారణముంది. శత్రువులు తరుముకొస్తుంటే కెప్టెన్ తన చిన్ననాటి స్నేహితుణ్ణి ఒక గ్రహం మీద వదిలేసి నౌకని లేపేస్తాడు. లోపల పిల్లలున్నారు, ఆగితే అందరూ పోతారు. అతను చేసింది ఒప్పేనని అభిమానులు ఇంటర్నెట్‌లో పేజీలకి పేజీలు రాశారు. అవి చదివి వినిపిస్తే అత్త ఒప్పుకోలేదు.

"మనిషిని వదిలేసి వచ్చినోడు గెలిచినోడెట్టా అవుతాడే? పోనీ, వదిలేశాడు. ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూశాడా?"

ఆ మాట నరసరావుపేటలో మా ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను. నాన్న కూడా నాతో కూర్చుని అదే సీరియల్ చూసేవాడు. కెప్టెన్ అంటే గౌరవం. "నడిపించేవాడి ఇబ్బంది దానికేం తెలుసు? ఆగితే ఆ పిల్లలేంగాను? అడుగు దాన్ని," అన్నాడు. అడిగాను. "వెనక్కి తిరిగి చూడటానికి ఎంతసేపు పట్టుద్దో మీ నాన్ననే అడుగు," అంది అత్త. అలా నా నోటి మీదుగా వాదన నెలల తరబడి నడిచింది. అది ఎక్కడ తగులుతోందో నాకు తెలుస్తూనే ఉంది. ఎన్నికల ఊసు మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి సీజన్‌లో ఆ స్నేహితుడు బతికే ఉన్నాడని తేలింది. జుట్టు నెరిసిపోయి, నౌక వెళ్లిన వైపే చూస్తూ కూర్చుని ఉంటాడు. ఎపిసోడ్ అయిపోయినా నాన్న లేవలేదు. ఆఖరికి, "మీ అత్తకి ఫోన్ కలిపి ఇవ్వు," అన్నాడు.

స్పీకర్ పెట్టి ఇచ్చాను. "ఏమే, చూశావా?" అన్నాడు.

"చూశా అన్నయ్యా. వాడింకా అక్కడే ఉన్నాడు," అంది అత్త. "మీ కెప్టెన్ తిరిగొస్తాడంటావా?"

"రావాలిగా," అన్నాడు నాన్న.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోన్లే. శివరాత్రికి కోటప్పకొండ వెళ్తూ అత్త మా ఇంట్లో దిగింది కూడా. తిన్న చెయ్యి ఎండిపోతున్నా పట్టించుకోకుండా ఇద్దరూ కెప్టెన్ గురించే పోట్లాడుకున్నారు. మావయ్య మాత్రం రాలేదు. తమ ఇంట్లో ఆ సీరియల్ పెడితేనే లేచి అరుగు మీదికి వెళ్లిపోయేవాడు.

కథలు చూడటం నాకు నేర్పింది అత్తే. నేను ఎవరు గెలిచారా అని చూసేదాన్ని. ఎవరు వెనక మిగిలిపోయారో చూడమనేది ఆమె. ఇప్పుడు ఏం చూసినా నా కళ్లు ముందు అటే పోతాయి.

పెద్దకర్మ అయ్యాక బంధువులు వెళ్లిపోయారు. నాన్న వరండాలో కూర్చుండిపోయాడు. లోపల మావయ్య రిమోట్ పట్టుకుని తంటాలు పడుతూ, ఇటు చూడకుండానే అన్నాడు.

"బావా, ఆ సీరియల్‌లో కొత్తది వచ్చిందంట. మీ చెల్లెలు చానా రోజుల నుంచి ఎదురుచూసింది. నాకేమో ఎవరెవరో తెలవదు."

నాన్న లోపలికి వెళ్లి మావయ్య పక్కనే కూర్చున్నాడు. రిమోట్ అందుకుని కొత్తది కాదు, మొట్టమొదటి ఎపిసోడ్ పెట్టాడు. నౌక తలుపు తెరుచుకుంది. పొడవాటి మనిషొకడు బయటికి వచ్చాడు.

"వీడే బావా కెప్టెన్," అన్నాడు నాన్న. "వీణ్ణి నమ్మమాకు."